ఏడు తర్వాత ఎనిమిది

4 జూన్ 2007, సోమవారం

ఇవాళ్టి నుంచి నా పని యేసురాజు గారి పక్కన కూర్చోవడం. ఆయన చెప్తారు, నేను ఆఫీసు వికీలో, అంటే అందరూ చదివి దిద్దగలిగే వెబ్ పేజీల్లో, పెడతాను. కల్యాణ్ దీనికి నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్ అని పేరు పెట్టాడు. కల్యాణ్ మాకు మేనేజర్ అయ్యి నాలుగు నెలలు. యేసురాజు గారు ఈ కంపెనీ కార్ఖానా ఏరియాలో రెండు గదుల్లో ఉన్నప్పటి నుంచీ ఉన్నారు. అమెరికా హాస్పిటళ్ల నెలాఖరు బిల్లుల రన్ తొమ్మిదేళ్లుగా ఆయన చేతి మీదే నడుస్తోంది. అంతా ఒక్క మనిషి తలలో ఉండటం రిస్క్ అంటాడు కల్యాణ్.

వికీ లాగిన్ ఇస్తామంటే ఆయన వద్దన్నారట. ఆ చుక్కలూ గీతలూ నాకేం తెల్వవు బిడ్డా, నేను చెప్త, నువ్వు కొట్టు అన్నారు. ఒక్కో మాటా ఆపి ఆపి చెప్తారు, నేను టైప్ చేసేదాకా ఆగుతారు.

8 జూన్, శుక్రవారం

ఈ పని నాకు నచ్చిందని ఒప్పుకోవాలి. చిలకలగూడ ప్రెస్సులో ఆరేళ్లు శుభలేఖలు కంపోజ్ చేశాను. అక్కడ ప్రతి అక్షరాన్నీ మౌస్‌తో లాగాలి. ఇక్కడ లాగడాల్లేవు. మాటకి అటూ ఇటూ రెండేసి == పెడితే హెడింగ్. మూడేసి కొటేషన్లు పెడితే బోల్డ్. లైను ముందు * పెడితే చుక్క, # పెడితే అంకె దానంతటదే వస్తుంది. ప్రివ్యూ నొక్కగానే పేజీ తల దువ్వుకున్నట్టు కనిపిస్తుంది. మిగతా వాళ్ల పేజీలు చూస్తే ఒళ్లు మండుతుంది. ఇంజనీరింగ్ చదివారు, ఒక హెడింగ్ పెట్టడం రాదు.

నా కాంట్రాక్ట్ జులై ఆఖరికి అయిపోతుంది. ఈ ఒక్క పేజీ కంప్లీట్‌గా వస్తే పర్మనెంట్ చేస్తానని కల్యాణ్ మాట ఇచ్చాడు. రాకపోతే మళ్లీ ప్రెస్సు, మళ్లీ శుభలేఖలు. అమ్మ అప్పుడే విజయనగరం చుట్టాలందరికీ ఫోన్లు చేసి మా పిల్ల సాఫ్ట్‌వేరు అని చెప్పేసుకుంది.

19 జూన్, మంగళవారం

నెలాఖరు రన్‌కి పన్నెండు స్టెప్పులు. ఏడోది చెప్పాక యేసురాజు గారు కాస్త ఆగి, ఇక్కడ ఒక లైను ఖాళీ ఇడువు అన్నారు. వదిలాను. ప్రివ్యూలో ఏడు తర్వాత మళ్లీ ఒకటి వచ్చింది. # లైన్ల మధ్య ఖాళీ ఉంటే వికీ లిస్టు అయిపోయిందనుకుంటుంది, లెక్క మొదటి నుంచి మొదలుపెడుతుంది. ఖాళీ తీసేశాను. అంకెలు సరిపోయాయి. చదివితే మాత్రం అతకలేదు. ఏడులో ఫైళ్లు వస్తాయి, ఎనిమిదిలో బిల్లులు బయటికి పోతాయి. ఆ మధ్యలో ఏం చేస్తారు సార్ అని అడిగాను. ఆయన నవ్వి, అక్కడ జెర జాగా ఉండనియ్యమ్మా అన్నారు.

నాకు అర్థమైంది. అర్థం కాలేదని తర్వాత ఎవరితోనైనా అంటానేమో, అందుకే ఇక్కడ రాసి పెడుతున్నాను.

20 జూన్

ఖాళీ లైను మళ్లీ పెట్టాను. ఆ పేజీ వైపు చూడబుద్ధి కావడం లేదు.

3 జులై, మంగళవారం

కల్యాణ్ ఇద్దరు కొత్త కుర్రాళ్లకి నా పేజీ ఇచ్చి, టెస్ట్ సర్వర్ మీద రన్ చేయించాడు. ఒక హాస్పిటల్ బిల్లులన్నీ రెండేసి సార్లు పడ్డాయి. కుర్రాళ్లు యేసురాజు గారిని అడిగితే, గట్లెట్ల అయింది, నేను చేస్తే ఎన్నడు గాలే అన్నారట.

కల్యాణ్ నన్ను క్యాబిన్‌కి పిలిచాడు. పేజీ లుక్ సూపర్ భానూ, కానీ పని చేయట్లేదు కదా అన్నాడు. ఆయన నాతో ఓపెన్ అవరు, నీతో అవుతారు, నువ్వే కనుక్కో అన్నాడు. ఆగస్టు ఒకటి ఎంతో దూరం లేదని నవ్వుతూనే గుర్తు చేశాడు.

ఇంటికొస్తే అమ్మ, ఏటంటన్నాడే మీ మేనేజరు, పర్మనెంటు ఎప్పుడవుద్ది అని గుమ్మంలోనే అడిగింది. కసురుకున్నాను.

6 జులై, శుక్రవారం, మధ్యాహ్నం 2

లంచ్‌లో ఆయన పక్కన కూర్చున్నాను. వాళ్లావిడ ఆలిస్ ఆంటీ పంపిన చేప ముక్క నా డబ్బాలో వేశారు. వాళ్లమ్మాయి షెకీనా నర్సింగ్ రెండో ఏడు. ఆ పిల్ల చదువు అయ్యేదాకా ఈ కుర్చీ ఉంటే చాలమ్మా అన్నారు. యాభై మూడేండ్లోనికి మాదాపూర్‌ల ఎవడిస్తడు నౌకరీ, ఆడ అందరు పోరగాండ్లే అన్నారు.

అదంతా విని కూడా అడిగాను. పేజీలో పెట్టను సార్, నా మటుకు నేను తెలుసుకుందామని, అన్నాను. చేప తింటూ అన్నాను. తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఏమిటో నాకు కొత్తగా ఎవరూ నేర్పక్కర్లేదు.

ఆయన తన డబ్బాకి మూత పెట్టారు. తర్వాత చెప్పారు. ఆ హాస్పిటల్ వాళ్లు నెల చివర ఒకే ఫైలు రెండు సార్లు పంపిస్తారట. మొదటిది తప్పుల తడక, రెండోది సరైనది. రెండూ వదిలితే బిల్లులు డబుల్. మొదటిదాన్ని చేత్తో పక్కన పెట్టాలి. పేరులో తేడా ఉండదు, వచ్చిన టైము చూసి పట్టుకోవాలి. అంతే. తొమ్మిదేళ్ల ఉద్యోగం ఆ నాలుగు ముక్కల్లో ఉంది.

6 జులై, సాయంత్రం 5.40

పెట్టేశాను. ఏడు తర్వాత ఎనిమిది, అసలు ఎనిమిది. ఖాళీ పోయింది, మొత్తం పదమూడు. కింద మైనర్ ఎడిట్ అనే గడిలో టిక్ కూడా పెట్టాను. చిన్న సవరణ అని. ఎవరిని మోసం చేద్దామనో తెలియదు.

బస్సులో గుర్తొచ్చింది. మధ్యాహ్నం ఆయన ఆ మాటలు మామూలుగా మాట్లాడినట్టు చెప్పలేదు. ఆపి ఆపి చెప్పారు. నేను టైప్ చేసేదాకా ఆగుతూ చెప్తారే, అలా.

16 జులై, సోమవారం

టెస్ట్ రన్ సరిగ్గా వచ్చింది. కుర్రాళ్లు చప్పట్లు కొట్టారు. యేసురాజు గారు కూడా కొట్టారు.

27 జులై, శుక్రవారం

ఏరు దాటాక తెప్ప తగలేశారు. యేసురాజు గారికి ఇవాళే ఆఖరి రోజు. ఆయన పొజిషన్ ఇక అవసరం లేదట. బయట రోడ్డంతా వాకిన్ ఇంటర్వ్యూల బ్యానర్లు, సిటీలో మనుషులు దొరకడం లేదని పేపర్ల నిండా వార్తలు, ఈయన మాత్రం ఎక్కువైపోయారు. ఐదింటికి కేకు కట్ చేయించారు. కల్యాణ్ స్పీచ్‌లో లెజెండ్ అన్న మాట మూడు సార్లు వచ్చింది. మూడు సార్లూ బోల్డ్‌లోనే అన్నాడు వెధవ.

కల్యాణ్‌ని తిట్టుకోవడం తేలిక. ఆ ఎనిమిదో లైను కొట్టింది కల్యాణ్ కాదు.

బాత్రూంలో దాక్కుందామనుకున్నాను. ఆయనే నా సీటు దగ్గరికి వచ్చారు. ఏం బిడ్డా, ఇప్పుడు నంబర్లు సక్కగ వస్తున్నయా అని అడిగారు. వెటకారం లేదు. ఉంటే బాగుండేది. వస్తున్నాయి సార్ అన్నాను. మల్కాజ్‌గిరి లోకల్ ట్రైన్‌కి టైమైందని, డబ్బా సంచీ భుజాన వేసుకుని వెళ్లిపోయారు.

1 ఆగస్టు, బుధవారం

పర్మనెంట్ అయ్యాను. అమ్మ వీధంతా లడ్డూలు పంచింది.

ఆఫీసులో ఆ పేజీ హిస్టరీ తెరిచి చూశాను. రెండు వందల పన్నెండు ఎడిట్లు. పై నుంచి కిందిదాకా భానుప్రియ, భానుప్రియ, భానుప్రియ. ఆయన పేరు ఒక్క చోట లేదు. ఆయనకి లాగిన్ లేదు కదా.

29 ఆగస్టు, బుధవారం

యేసురాజు గారు సర్వీస్ సర్టిఫికెట్ కోసం వచ్చారు. సెక్యూరిటీ అతను విజిటర్ కార్డు మెడలో వేసి రిసెప్షన్‌లో కూర్చోబెట్టాడు. ఉద్యోగం ఇంకా ఏమీ దొరకలేదట. నేను క్షమించమని అడగాలని వెళ్లాను. నోరు తెరిచేలోపే ఆయన అన్నారు, గట్లాంటిదే ఇంకోటుంది బిడ్డా, ఏడాదికి మార్చిల ఒక్కసారే వస్తది, నేను ఎవ్వలికి చెప్పలే, అది తప్పితే పేషెంట్లకు తప్పుడు బిల్లులు పోతయి, పాపం రోగమొచ్చినోళ్లు.

ఆపి ఆపి చెప్పారు.

నేను పెన్ను తీసి రాసుకున్నాను.