సిమెంటు అయిపోయే చోట

ఇంజనీరు సారుకు,

మీరు కట్టించిన పడవల ర్యాంపు దగ్గర చనిపోయిన గాలయ్య భార్యను రాస్తున్నాను.

"గా జమ్ముల పిట్టలు గుడ్లు వెడ్తయి సారూ, గీడికే ఆపుండ్రి" అని మిమ్మల్ని అడిగింది ఆయనే. మీరు ర్యాంపు అక్కడికే ఆపారు.

పుట్టి పడవను నెత్తిన బోర్లించుకొని నడిచే మనిషికి తన పాదాలు తప్ప ఏమీ కనిపించవు. కాళ్లకు నీళ్లు తగిలితే ఆగడం మావాళ్ల అలవాటు. ఆ రోజు కృష్ణ నీళ్లు బాగా వెనక్కి పోయాయి. సిమెంటు అయిపోయినా ఆయన నడిచాడు. బురదలో బోర్లా పడితే పుట్టి మీద పడింది.

ఇప్పుడు జమ్ము గడ్డి కొట్టేసి ర్యాంపు పొడిగిస్తారట. వద్దు సారూ. చివర కాళ్లకు తగిలేలా రాళ్లు పాతించండి, చాలు.

రేపటి నుంచి ఆ పుట్టి నేను మోయాలి.