మార్గదర్శకుని సమ్మతి కొరకు ఆగిపోయిన ప్రాజెక్టు

ప్రొద్దుటూరు,
18-06-2025.

పరీక్షల విభాగాధికారి గారి సముఖమునకు, వేంపల్లె వాస్తవ్యురాలు, కంప్యూటర్ సైన్స్ చివరి సంవత్సరం విద్యార్థిని షేక్ మసరత్ వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: చనిపోయిన మార్గదర్శకుని సమ్మతి లేకుండా నా ప్రాజెక్టును మూల్యాంకనం చేయించుట గురించి.

1. ఏ పని తరువాత ఏ పని జరగాలి, ఎవరు ఎవరి కోసం ఆగాలి అన్న వరుసను పరీక్షించి, అది ఎక్కడా ఇరుక్కోదని గణితంతో ముందే రుజువు చేయు పద్ధతి నా ప్రాజెక్టు. ఉదాహరణకు మన కళాశాల ప్రాజెక్టుల మూల్యాంకన పోర్టల్‌నే తీసుకొంటిని. ముప్పై ఒక్క దశల్లో పద్నాలుగవది ఇరుక్కుంటుందని తేలినది. మార్గదర్శకుని మార్చాలంటే ఆ మార్గదర్శకుడే సమ్మతించాలి. ఆయన లేకపోతే దారి లేదు.

2. నా మార్గదర్శకులు పాల్ రాజు సార్ అది చూసి నవ్వినారు. "ఈ పేజీ తీసెయ్ పాపా. ఆఫీసోళ్లు నొచ్చుకుంటారు. మనం ఈడనే ఉండాల గదా" అన్నారు. తీసేసినాను.

3. ఏప్రిల్ 9న సార్ గుండెపోటుతో చనిపోయినారు. నా ప్రాజెక్టు పద్నాలుగవ దశలో నిలిచినది.

4. తమ గుమాస్తా హబీబుల్లా గారిని ఏడుసార్లు కలిసితిని. మరణ ధ్రువీకరణ పత్రం చూపితిని. "సార్ ఒప్పుకుంటేనే సార్‌ను మార్చేకి అయితాది. ఓటీపీ ఆయన ఫోనుకే పోతాది. ఇంట్లోవాళ్లనడిగి తెచ్చుకోపో మా, నేనేం చేసేది" అన్నారు.

5. జమ్మలమడుగులో సార్ ఇంటికి పోయినాను. నలభయ్యో దినం ప్రార్థన ముగిసి కుర్చీలు సర్దుతున్నారు. సార్ భార్య రెబెకా మేడమ్ ఫోను నా చేతిలో పెట్టి, "తీస్కో పాపా. ఆయనుంటే నీకు లేదంటాడా?" అన్నారు. ఓటీపీ వచ్చినది. దాని కింద "పాల్ రాజు అను నేను సమ్మతించుచున్నాను" అని ఉన్నది. నేను నొక్కలేదు. చెయ్యి రాలేదు.

6. ఈ నెల 30లోగా పట్టా చూపకపోతే నాకొచ్చిన ఉద్యోగం పోతుంది. ఏడుపు కూడా రావడం లేదు.

కావున తమరే సార్ పేరు తొలగించి వేరొకరిని నియమించ ప్రార్థన. తీసేసిన పేజీ జతపరిచితిని. నొచ్చుకుంటే నొచ్చుకోండి. ఇంతకన్న విన్నవించుకొను ఓపిక లేదు, చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
షేక్ మసరత్

మరొక మనవి: నాది తర్వాత చూడండి. "మీ సమ్మతి పెండింగులో ఉన్నది, ఆలస్యానికి సంజాయిషీ ఇవ్వండి" అని ప్రతి సోమవారం పోర్టల్ నుంచి సార్ ఫోనుకు మెసేజీ పోతాంది. ముందు అది ఆపండి సార్. రెబెకా మేడమ్ ప్రతిసారీ జవాబు రాస్తాండారు: "మా ఆయన లేడు సార్. కోప్పడొద్దండి."