రేపటి తేదీకి రాసిన నొప్పి

బాన్సువాడ,
14 నవంబర్ 1982, ఆదివారం.

ఇవాళ్టి పనులు: నీళ్ళు తొమ్మిది బిందెలు, చెరిగిన బియ్యం నాలుగు శేర్లు, ఉతికిన బట్టలు పదమూడు, ఏడుగురికి రెండుసార్లు చాయ్. మిగిలింది నీకు ఉత్తరం.

ప్రియమైన చెల్లెలు ప్రేమలకు,

మన నొప్పివాళ్ళ ఈ నెల కూడిక నువ్వు లేకుండానే జరిగింది. ఎప్పటిలాగే ముందరి అర్రలోంచి మంచం, పెట్టె, కుర్చీలు అన్నీ బయట పెట్టించాను. నొప్పి వచ్చినవాళ్ళు కూర్చోలేరు, పడుకోలేరు. తిరగడానికి జాగా కావాలి కదా.

మహమ్మద్ నగర్ నుంచి గంగయ్య అనే కొత్తాయన వచ్చాడు. ఎవరినీ నమ్మనట్టు గోడకు ఆనుకుని చూస్తుంటే నేనే అడిగాను. ఏడాదికి ఒకసారి మొదలై నెలా నెలన్నర ఉంటుందా? రోజూ ఒకే గంటకు వస్తుందా? ఒక్క కంట్లోనే కాల్చిన చువ్వ దించినట్టు ఉంటుందా? ఆ పక్కనే కన్నూ ముక్కూ కారతాయా? గంట కాగానే ఏమీ కానట్టు పోతుందా? ఆయన తువ్వాలులో మొహం పెట్టుకుని ఏడ్చాడు.

"నాకొక్కనికే గిట్లయితుందనుకున్న అక్కా. కల్లు మానమన్నరు, మానిన. మొక్కుమన్నరు, మొక్కిన. ఇంట్లోళ్ళేమో ఏషాలేస్తుండు అంటరు."

"ఏషాలేసెటోడు గడియారం చూసి ఏస్తడా?" అన్నాడు ముత్తెన్న. ఆయన కూడా పదేళ్ళుగా పడుతున్నవాడే. గంగయ్యతో సహా అందరం నవ్వాం.

"నాకూ గిట్లనే వస్తది అక్కా" అని పదకొండేళ్ళ కింద నువ్వు నాతో అన్నావు చూడు, ఆ మాట మీదే ఈ కూడిక నిలబడింది. ఇవాళ గంగయ్యకు ఆ మాటే నేను చెప్పాను.

హీరాబాయి సంగతి రాయాలి. నువ్వు చెప్పిన ఆకుపసరు మొదలుపెట్టి, డాక్టరు ఇచ్చిన గోళీలు మానేసింది. నీకు గంట నొప్పి పది నిమిషాలకు దిగింది కదా, తనకూ దిగుతుందని ఆమె ఆశ. అందరి నొప్పి వేళలూ రాసే నా పుస్తకంలో మాత్రం ఆమె నొప్పి గంట నుంచి గంటా పదికి పెరిగింది. రోజుకు ఒకసారి వచ్చేది రెండుసార్లు వస్తోంది. చెరుకు కొట్టే కూలి మనిషి, ఎన్నాళ్ళు పని మానుకుంటుంది? గోళీలు మళ్ళీ వేసుకోమని చెప్పనా? నువ్వు అనుభవించినదానివి, నీ మాటే వింటుంది. తొందరగా రాయి.

మీ అక్క,
సావిత్రమ్మ

*

నిజాంసాగర్,
20 నవంబర్ 1982.

ప్రియమైన సావిత్రక్కకు,

మీ ఉత్తరం అందింది. ఇక్కడ కాలువ పని మూలాన మీ మరిది గారికి ఇంట్లో నిలిచే తీరిక లేదు. పొద్దున సైకిలెక్కితే దీపాల వేళకు రావడమే.

నా నొప్పి రోజులు కూడా మొదలయ్యాయి అక్కా. అందుకే రాలేకపోయాను. రోజూ మధ్యాహ్నం మూడింటికి, పది నిమిషాలు. మీరు నేర్పినట్టే పుస్తకంలో తప్పకుండా రాస్తున్నాను.

హీరాబాయిని భయపడవద్దని చెప్పండి. నాకూ మొదట్లో పెరిగే దిగింది. మధ్యలో గోళీలు వేసుకుంటే పసరు పని చెయ్యదు. ఇంకో తొమ్మిది రోజులు ఓర్చుకోమనండి.

బావగారికి నమస్కారాలు. మీరు నా కోసం ఫికర్ పడకండి.

మీ చెల్లెలు,
ప్రేమల

*

బాన్సువాడ,
1 డిసెంబర్ 1982.

ప్రేమలకు,

నీ ఉత్తరం హీరాబాయికి నేనే చదివి వినిపించాను. తొమ్మిది రోజులు ఓర్చుకోమన్నావని చెప్పాను. ఐదో రోజు, అంటే శనివారం, ఆమె చెరుకు తోటలోనే బండి నొగకు తల బాదుకుంది. నుదుటి మీద ఆరు కుట్లు పడ్డాయి. ఆమె మొగుడు సేవ్యా మా వాకిట్లో నిలబడి అడిగాడు.

"అమ్మా, గోళీలు బంద్ వెట్టమన్న గా అక్క ఎవలు? ఆమెకు నొప్పి ఉన్నట్టా, లేనట్టా?"

నేను అతని మీద కోప్పడ్డాను. "ప్రేమలను అంటే నన్ను అన్నట్టే" అన్నాను.

సోమవారం పగటి బస్సుకు నీ దగ్గరికి బయలుదేరాను. పసరు ఎంత వెయ్యాలో, ఎన్ని పూటలో నీ నోటితో విని రాసుకుందామని, నీ నొప్పి వేళకు పక్కన ఉందామని కూడా. వచ్చేసరికి మూడుకు పది నిమిషాలు. తలుపు తీసే ఉంది, నువ్వు లేవు. పక్కింటి అరుగు మీద గవ్వలు వేసి పచ్చీసు ఆడుతున్నారు. నీ నవ్వు వినిపించింది. "కాయ సచ్చింది! కాయ సచ్చింది!" అని నువ్వు చప్పట్లు కొడుతున్నావు. మూడయింది. మూడుంబావు అయింది. నీ నవ్వు ఆగలేదు.

దేవుడి గూట్లో నీ పుస్తకం కనబడితే తీశాను. 29వ తేదీ: మూడు గంటలు, పది నిమిషాలు. అది సరే, ఆ సోమవారానిదే అనుకుందాం. 30వ తేదీ: మూడు గంటలు, పది నిమిషాలు. డిసెంబర్ 1, 2, 3, 4, 5. అన్నీ ఒకే సిరాతో, ఒకే ఊపులో. రేపటి నొప్పి ఇవాళే రాసి పెట్టుకున్నావు.

పుస్తకం ఎక్కడిదక్కడ పెట్టి వచ్చిన బస్సులోనే తిరిగి వచ్చేశాను.

నీకో సంగతి తెలుసా? నొప్పి లేచినప్పుడు నేను అరిచేదాన్ని, గోడను గుద్దేదాన్ని. పోయాక సిగ్గుపడేదాన్ని. ప్రేమల ఎంత నిమ్మళంగా ఓర్చుకుంటుంది, నేనే బలహీనురాలిని అనుకునేదాన్ని. పదకొండేళ్ళు నీ నొప్పితో నా నొప్పిని కొలుచుకున్నాను. కొలిచే గిన్నెకే అడుగు లేదు.

సావిత్రమ్మ

*

నిజాంసాగర్,
6 డిసెంబర్ 1982.

సావిత్రక్కకు,

దాచడానికి ఇంకేమీ లేదు. నాకు ఆ నొప్పి ఎన్నడూ రాలేదు. ఒక్క రోజు కూడా.

మేము మీ పక్కింట్లో కిరాయికి ఉన్న రోజులు గుర్తు చేసుకోండి. మీకు గాలి సోకిందని కణతకు వాత పెట్టించడానికి మీ అత్తగారు మనిషిని పిలిపించారు. ఆ పొద్దున మీరు కాలువ గట్టు మీద చెప్పులు విడిచి నిలబడ్డారు. నేను బట్టల మూటతో వెనకనే వచ్చాను. ఏం చెప్పి ఆపాలో నాకు తెలియలేదు. "నాకూ గిట్లనే వస్తది అక్కా" అన్నాను. మీరు వెనక్కి తిరిగి, "ఏ కంట్లో?" అని అడిగారు. "కుడి కంట్లో" అన్నాను. మీరు చెప్పులు తొడుక్కున్నారు.

ఆ ఒక్క మాటతో అయిపోతుందనుకున్నాను. మీరు కూడిక పెట్టారు. ముందు ముగ్గురు, తర్వాత ఏడుగురు. కొత్తగా వచ్చిన ప్రతి మనిషికీ నా పేరే చెప్పేవారు. అందరికీ ఎప్పుడో ఒకసారి అర్రలోనే నొప్పి లేచేది, నాకు లేవకపోయేది. "ప్రేమలమ్మ నొప్పి మస్తు మర్యాదగల్లది, నలుగుర్ల రాదు" అని ముత్తెన్న నవ్వినప్పుడు దొరికిపోయాననుకున్నాను. అందుకే మా అమ్మ జలుబుకు వాడే పసరును మందు అని చెప్పి, దానితో నా నొప్పి పది నిమిషాలకు దిగిందని బయటపడ్డాను. హీరాబాయి తాగుతుందని అనుకోలేదు. తాగాక, కాదని చెప్పే ధైర్యం రాలేదు. మీ ముందు చిన్నబోతానని ఆమెను ఓర్చుకోమన్నాను.

ఆదివారం కూడికకు వస్తాను. అందరి ముందూ నేనే చెబుతాను. మీరు నాతో మాట్లాడకపోయినా సరే.

ప్రేమల

*

బాన్సువాడ,
12 డిసెంబర్ 1982, ఆదివారం.

ప్రేమలా,

నువ్వున్న చోట జరిగింది నీకే రాయడం విడ్డూరమే. కానీ నా పుస్తకంలో నీ పేరు కింద ఇన్నేళ్ళూ అబద్ధమే ఉంది. ఒక్క రోజైనా నిజం ఉండాలని రాస్తున్నాను.

నువ్వు అర్ర నడుమ నిలబడి అంతా చెప్పావు. ఎవరూ తిట్టలేదు. ముత్తెన్న తల దించుకున్నాడు. గంగయ్య మాత్రం నా వైపు తిరిగి, "అయితే అక్కా, నీకన్న నిజంగ నొప్పి ఉన్నదా?" అన్నాడు. నువ్వు ఏం పాడు చేశావో నాకు ఆ మాటతో పూర్తిగా తెలిసింది.

హీరాబాయి కట్టు సవరించుకుని నీ ముందుకు వచ్చింది.

"నీకు ఎన్నడన్న తలకాయ నొచ్చిందా అక్కా?"

"జ్వరమొచ్చినప్పుడు."

"నాకు పన్నెండింటికి లేస్తది. ఇగ లేస్తుంది. పోకు. నాతోని నడువు."

గోళీలు మళ్ళీ మొదలుపెట్టినా అవి పట్టడానికి ఇంకో వారం పడుతుందని డాక్టరు అన్నాడు. పన్నెండు కొట్టగానే ఆమె ఎడమ కన్ను ఎర్రబడింది. గోడ నుంచి గోడకు నడిచింది, నువ్వు పక్కనే నడిచావు. ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. ఇరవై నిమిషాలకు నువ్వు కూర్చోబోయావు. "కూసోకు" అంది. నువ్వు ఏడ్చావు. "నీ ఏడుపు ఇనొస్తే నా నొప్పి ఎక్కువైతుంది, ఊకో" అంది. ఊరుకున్నావు. ఆమె గోడకు తల బాదుకోబోయిన ప్రతిసారీ నీ అరచెయ్యి అడ్డం పెట్టావు. నీ వేళ్ళ కణుపులు చిట్లడం నేను చూశాను.

నొప్పి పోయాక ఆమె మొహం కడుక్కుని గడియారం చూసింది. "గంటా పది. నువ్వు పది నిమిషాలని రాసినవ్ గద, అక్కా. గిది గిట్లుంటది." తర్వాత తన చాయ్‌లో సగం నీ గ్లాసులో పోసింది.

నేను నీతో మాట్లాడలేదు. బస్సు దాకా రాలేదు. ఆ పొద్దున నన్ను గట్టు మీద నిలిపావు, కాదనను, దానికి దణ్ణం పెడతాను. ఆ తర్వాత నాలుగు వేల రోజులు గడిచాయి. అందులో ఏ ఒక్క రోజు చెప్పినా నేను చచ్చిపోయేదాన్ని కాదు. అప్పటికే బతకడం నేర్చుకున్నాను, అదీ నీ పక్కనే. నా నొప్పి ఇంకొకరు ఎరుగుదురన్న ధైర్యం మీద ఇన్నేళ్ళు నిలబడ్డాను. ఇప్పుడు కింద చూసుకుంటే నేల లేదు. నీకూ నాకూ మధ్య ఉన్నది ఎట్లా తీరుతుందో నాకు తెలియదు. నేను పిలిచేదాకా రావద్దు.

ఇవాళ పుస్తకంలో నీ పేరు కింద పాతవన్నీ కొట్టేసి ఒక్క వాక్యం రాశాను: ప్రేమల హీరాబాయికి ఇవ్వాల్సింది గంటా పది నిమిషాలు, ఈ రోజు ముట్టింది.

సావిత్రమ్మ