ఇకపై ఎవరి మెడా తడమను

సోమవారం, ఉదయం 7.00
ఒట్టు! ఇకపై కస్టమర్ల మెడలు తడమను. జుట్టు కత్తిరిస్తాను, గడ్డం గీస్తాను. అంతే!

నా మెడలో గడ్డ నాకే దొరికింది, గడ్డం గీసుకుంటుంటే. నొప్పి లేదు, రబ్బరు ముక్కలా ఉంది. లింఫ్ గ్రంథి క్యాన్సర్ అన్నారు. రెండు నెలలుగా సెలైన్‌లో మందు ఎక్కిస్తున్నారు. నెత్తి మీద ఒక్క వెంట్రుక లేదు. బోడిగుండుతో క్షవరం చేస్తున్నానని జనం నవ్వితే నవ్వనీ. కానీ ఎవరు కుర్చీలో కూర్చున్నా నా వేళ్లు వాళ్ల చెవుల కిందకి పోతున్నాయి. మొన్న ఒకాయన సగం గడ్డంతో లేచి పారిపోయాడు.

"షాపు మూతపడేదాకా ఊరుకోవా?" అంది మా ఆవిడ.

శుక్రవారం స్కాన్ రిపోర్టు. మందు పనిచేస్తోందో లేదో తెలిసేది అప్పుడే. అప్పటిదాకా నిష్ఠగా ఉంటాను.

సాయంత్రం 6.00
తలలు: తొమ్మిది. తడిమిన మెడలు: సున్నా. భేష్!

మంగళవారం
జబ్బు ఎలా వచ్చిందని లెక్కల మాస్టారు అడిగారు. అడిగితే చెప్పడం తప్పా? డాక్టరుగారు చెప్పిందే చెప్పాను. క్రిములతో పోరాడే తెల్లకణాల్లో బి-కణాలని ఉంటాయి. అవి గ్రంథుల్లో చేరి, తమ జన్యువుల్ని తామే కత్తిరించుకుని, దిద్దుకుని, క్రిమికి సరిగ్గా అతికే ఆయుధం తయారు చేసుకుంటాయి. దిద్దుబాటు చెడితే ఆ కణం చచ్చిపోవాలి. నాలో ఒకటి చావనంది. మొండిఘటం! అది పిల్లల్ని పెట్టి, చుట్టూ మంచి కణాల్ని పోగేసుకుంది. గడ్డ మొత్తంలో చెడ్డవి నూటికి ఒకటో రెండో. మిగతాదంతా పిలిస్తే వచ్చిన జనమే.

"ఆ గ్రంథులు ఎక్కడుంటాయోయ్?" అన్నారు మాస్టారు.

చూపించాను. చూపించడం తడమడం కాదు. లెక్కలోకి రాదు.

బుధవారం
11.10. బస్సు డ్రైవర్. టవల్ కడుతుంటే వేలు తగిలింది. అనుకోకుండానే. రెండు వైపులా.

11.40. పోస్ట్‌మాన్. "మీరు చూస్తారటగా" అని ఆయనే మెడ చాపాడు. కాదంటే ఏం మర్యాద?

మొత్తం ఆరు. వీధి కుక్కని కలిపితే ఏడు.

గురువారం
బామ్మర్ది వచ్చాడు. దవడ కింద గడ్డ! షాపుకి తాళం వేసి, సగం క్రాపుతోనే ఆస్పత్రికి లాక్కెళ్లాను.

"పన్ను పుచ్చింది బావా, అంతే బావా!" అని దారంతా మొత్తుకున్నాడు. వింటేగా!

పన్నేనట. క్రిములొస్తే గ్రంథి ఉబ్బుతుంది, నొక్కితే నొప్పెడుతుంది, అది దాని పని అన్నారు డాక్టరుగారు. బామ్మర్ది నా వంక కొరకొరా చూశాడు.

ఇంటికొచ్చాక మా ఆవిడ తిట్టలేదు. "రేపంటే భయమేస్తోందా?" అంది. భయమే. ఇంకొకరి మెడ మీద వేళ్లున్నంతసేపే నా మెడ గుర్తుకు రాదు. ఆ మాట చెప్పేసి ఏడ్చాను.

శుక్రవారం, 12.20
క్యాన్సర్ ఉన్నచోట స్కాన్‌లో వెలుగుతుందట. నాకు ఎక్కడా వెలుగు లేదు! మందు పనిచేస్తోంది! ఇంకా కొన్ని విడతలు ఎక్కించుకోవాలట. ఎన్నైనా సరే!

ఆనందం పట్టలేక డాక్టరుగారిని వాటేసుకున్నాను. చూసుకునేసరికి నా వేళ్లు ఆయన చెవి కింద ఉన్నాయి. చచ్చాన్రా దేవుడా!

ఆయన కదల్లేదు. తలుపు వైపోసారి చూసి, గొంతు తగ్గించి, "ఏమన్నా తగిలిందా?" అన్నారు.

"ఏమీ లేదండీ."

"ఎడమ వైపు కూడా చూడండి."

చూశాను. ఏమీ లేదు. ఆయన ఊపిరి వదిలిన చప్పుడు నాకు వినిపించింది.

సోమవారం, ఉదయం 7.00
ఒట్టు! ఇవాళ్టి నుంచి ఎవరి మెడా తడమను. తొమ్మిదింటికి డాక్టరుగారు క్రాపుకి వస్తానన్నారు. ఆయన వెళ్లాక మొదలు.