కుళాయి దగ్గర నీలి గొడుగు

మదనపల్లె

అమ్మాయి సంగీతకు,

దక్షిణ సూడాన్‌లో మీ ఐక్యరాజ్యసమితి శాంతిదళం పనితీరును వివరిస్తూ నువ్వు రాసిన ఉత్తరం చదివాను. ఇరుపక్షాలూ ఒప్పుకుంటేనే మధ్యలో నిలబడతామన్నావు. ఇక్కడ వీధి కుళాయి దగ్గర గంగులమ్మ, మైమూన్ బీ బిందెలెత్తి కొట్టుకోబోతుంటే, నేనూ ఇద్దరి అనుమతీ తీసుకుని, మీ నీలి టోపీలకు బదులు నీలి గొడుగు పట్టుకుని మధ్యలో కుర్చీ వేసుకున్నాను.

“మీరు ఎవురి పక్క ఉండారు టీచరమ్మా?” అని గంగులమ్మ నిలదీసింది.

“వరస పక్క. ముందొచ్చిన బిందె ముందు.”

నెల రోజులుగా గొడవ లేదు. ఒంటరిగా ఉండవద్దని, కుప్పం వచ్చెయ్యమని మీ అమ్మ పట్టుబడుతోంది. ఆ సంగతి తెలిసి నిన్న ఆ కుళాయి దగ్గరి వాళ్లిద్దరూ కలిసే మా ఇంటికి వచ్చారు.

“మీరు పోతే మళ్లా కొట్టుకుంటాం. ఈడే ఉండండమ్మా,” అంది మైమూన్ బీ.

మీ దళానికి ఏటా పొడిగించినట్టే నాకూ ఇక్కడ గడువు పొడిగించారని మీ అమ్మకు నువ్వే నచ్చజెప్పు.

ఆశీస్సులతో,
నీ పెద్దమ్మ