ఊరికే ఇచ్చే మాత్రలు

జులై 8

కర్నూలు నుంచి ఇప్పుడే వచ్చాను. చెప్పులైనా విప్పలేదు. పాత మాత్రకు నా రక్తంలోని క్యాన్సర్ లొంగడం లేదని కొత్తది రాశారు కదా... అది కొనడం మావల్ల కాదని ఈరోజు డాక్టరమ్మకు చెప్పేశాను. తిట్టలేదు. పక్క గదిలో కౌన్సెలర్ మేడమ్ దగ్గరికి పంపింది. మేడమ్ చెప్పిన మాట— ఆ మందు చేసే కంపెనీయే, కొనలేనివాళ్లకు ఊరికే ఇస్తుందట. ఆధార్, డాక్టరు చీటీ, ఆదాయం సర్టిఫికెట్ ఉంటే చాలట. రెండుసార్లు అడిగాను. రెండుసార్లూ అదే చెప్పింది.

జులై 9

మా ఆయన నమ్మలేదు. "ఊరికే ఎవరిస్తారు మే? ఆటో అమ్ముదాం. వచ్చే శుక్రవారం బనగానపల్లె నుంచి చూసేదానికి వస్తాండారు."

ఆ ఆటో మీదే మా ఇల్లు నడిచేది. అంతవరకైనా ఆగమన్నాను. తల అడ్డంగా ఊపాడు. కానీ సర్టిఫికెట్ కోసం ఎమ్మార్వో ఆఫీసు దగ్గర నన్ను దించింది ఆయనే.

జులై 14

సర్టిఫికెట్ చేతికొచ్చింది. ఫోటో తీసి మేడమ్‌కు వాట్సాప్‌లో పంపాను. నీలం గీతలు పడ్డాయి— చూసింది. ఒంట్లో నీరసం, అయినా కాలు ఒకచోట నిలవడం లేదు. ఎదురింటామె జాకెట్టుకు కుడి చెయ్యి ఎడమవైపు కుట్టాను. విప్పాలి.

జులై 17

నేను స్నానం చేస్తుంటే ఫోన్ వచ్చింది. ఆయన ఎత్తాడు. హిందీలో ఎవరో ఆడమనిషి, ఆధార్ నంబరు అడిగిందట. కట్ చేశాడు. "దొంగలు మే. బ్యాంకులో ఉండేది ఊడ్చేదానికి చూస్తాండారు."

ఆ నంబరుకు చేశాను. కలవదు. మళ్లీ చేశాను. మేడమ్‌కు చేస్తే, "కంపెనీవాళ్లేనమ్మా. మళ్లీ చేస్తారు, ఫోన్ దగ్గరే ఉండండి" అంది.

ఆయన ఫోన్ ఛార్జింగ్‌కు పెట్టి, దాని పక్కనే నేలమీద కూర్చున్నాడు. బాడుగకు పోలేదు. అన్నం పెడితే అక్కడే తిన్నాడు.

సాయంత్రం మోగింది. ఎత్తకుండా నాకిచ్చాడు. తెలుగులో చెప్పమంటే వేరే ఆయనను కలిపారు. పేరు, ఊరు, ఏ మాత్ర, ఎంత పవరు— అన్నీ చెప్పాను. "మీది ఓకే అయిందమ్మా. ఆస్పత్రిలో తీసుకోండి."

"ఏమన్యాడు?" అన్నాడు మా ఆయన. చెప్పాను. మళ్లీ చెప్పమన్నాడు. మళ్లీ చెప్పాను.

జులై 18

బనగానపల్లె మనిషి వచ్చాడు. టీ తాగాడు. "అమ్మేది లేదప్పా, ఏమనుకోవద్దు. ఆమెను కర్నూలుకు తిప్పల్ల" అన్నాడు మా ఆయన. కోయిలకుంట్ల నుంచి కర్నూలుకు ఆటోలో ఎవరు పోతారు... నవ్వు ఆగక లోపలికి వచ్చేశాను.

జులై 22

పెట్టె ఒళ్లో ఉంది. బస్సు కుదుపుల్లో రాస్తున్నాను. మూడు నెలల మాత్రలు.

ఆస్పత్రిలో పక్కన కూర్చున్నామెది మంత్రాలయం. సావిత్రమ్మ. మఠం దగ్గర టెంకాయలు అమ్ముతుందట. నా జబ్బే, నా మాత్రే. ఈ వారానికే ఉన్నాయట. "రెండు అట్టలు ఇస్తావా తల్లీ?" ఇద్దామనే పెట్టె తెరిచాను. నర్సు చూసింది— నీ పవరు వేరే, ఆమె పవరు వేరే, ఇవ్వకూడదంది. ఆమెను చెయ్యి పట్టుకుని మేడమ్ గదికి తీసుకుపోయాను. తాళం. సోమవారం వస్తుందట. నా నంబరు ఇచ్చి వచ్చాను.

జులై 24

ఇన్నాళ్లలో మొదటిసారి, ఇంకెన్ని ఉన్నాయో చూసుకోకుండా మాత్ర మింగాను.

జులై 27

సావిత్రమ్మ ఫోన్. గొంతు సన్నగా ఉంది. మాత్రలు నిన్నటితో అయిపోయాయి. "నా మొగుడు కర్నూలుకు పంపనంటాండాడమ్మా. అంతా మోసమంటాడు."

ఆమె మొగుడికి ఫోన్ ఇమ్మన్నాను. నేను నోరు తెరిచేలోపే మా ఆయన నా చేతిలోంచి తీసుకున్నాడు. "అన్నా, నేనూ నమ్మలేదు. వాళ్లు చేస్తే కట్ చేసినోడిని నేనే. ఇప్పుడు మాత్రలు ఇంట్లో ఉండాయి. రేపు ఆమెను కర్నూలుకు పిల్చకరా అప్పా. మేమూ వస్తాండాం."

అవతల సావిత్రమ్మ మొగుడు "చూస్తాం" అన్నాడట. పెట్టేశాడు.

రేపు మొదటి బస్సుకే పోతున్నాం. మంత్రాలయం బస్సులు ఆగేచోట నిలబడాలి. ఆమె ఎర్ర చీర కట్టుకొస్తానంది... అతను రానిస్తేనే.