ఒకరు పట్టిన గోడ

1996 నవంబర్ 24, ఆదివారం

మా ఇంటి హాల్లో ప్రార్థన కూడిక. రత్నమ్మ పాట ఎత్తుకుంది. రెండో చరణంలో పైనుంచి పెచ్చు ఊడి దానయ్య బ్రదర్ ఒళ్లో తెరిచి ఉన్న బైబిలు మీద పడింది. పిల్లలు కిసుక్కుమన్నారు. నేను ఒక్క చూపు చూశాను, ఆగారు.

ఉత్తరపు గోడకు చెమ్మ. పచ్చమచ్చలు, ఎర్రమచ్చలు. మనిషికే కాదు, ఇంటి గోడకూ కుష్ఠు పడుతుందని మోషే ధర్మశాస్త్రంలో ఉంది. యాజకుడు వచ్చి చూడాలి. గోకించాలి. మళ్లీ పూయించాలి. ఈ ఇంటికి యాజకుణ్ణి నేనే... చూశాను.

క్రిస్మస్ లోపల హాలుకు రంగు పడాలి. ప్రభువు పుట్టినరోజు ఈ పెచ్చుల కిందనా?

"ఆయన పుట్టింది పశువుల పాకల్నే గదా" అంది నా భార్య సుగుణ. ఆమె నోటికి వాక్యం నేర్పింది నేనే. అనుభవిస్తున్నాను.

నవంబర్ 26, మంగళవారం

నేను పనిచేసే ప్రింటింగ్ ప్రెస్సులో మధ్యాహ్నం విరామం. అన్నం డబ్బా తెరవకుండానే నారాయణగూడ చౌరస్తా అడ్డాకు పోయాను. పెయింటర్లు రంగు డబ్బాల మీద కూర్చుని పని కోసం చూస్తున్నారు. ఒక్కణ్ణి అడిగితే ఆరుగురు చుట్టుకున్నారు. రోజు కూలీకైతే మనిషికి నూట ఇరవై, చాయ్ మీది. గుత్తకైతే ఫీటుకు రెండున్నర, సామాను మీది. సామానుతో సహా అయితే ఫీటుకు ఆరు. సున్నమైతే చవక, కానీ "ఆనుకున్నోళ్ల వీపులన్ని తెల్లగైతయి సార్." డిస్టెంపరే వేయించాలి.

సాయంత్రం చిక్కడపల్లి నుంచి స్కూటర్ మీద ఒక కాంట్రాక్టరు వచ్చాడు. గడప దగ్గరే నిలబడి తొమ్మిది వేలన్నాడు. గోడ చూడలేదు. నా ముఖం చూసి చెప్పాడు. దేవుడి హాలంటే డబ్బులు ఆకాశం నుంచి మన్నాలా రాలతాయనుకుంటారు.

నవంబర్ 28

రత్నమ్మ వచ్చింది. చెంగు వేలికి చుట్టుకుంటూ, "అయ్యగారూ, మా ఆయన పెయింటరే గదా. అడగండి. మీరడిగితె కాదనడు" అంది.

యాదగిరి. ప్రతి ఆదివారం ఆమెను సైకిల్ మీద తెచ్చి గేటు దగ్గర దింపుతాడు. ఎదురుగా చాయ్ హోటల్లో కూర్చుంటాడు. కూడిక అయిపోగానే తీసుకుపోతాడు. ఇన్నేళ్లలో గడప దాటలేదు. ఆమె ప్రార్థన చీటీ మీద ఎప్పుడూ ఒకటే మాట — నా భర్త లోపలికి రావాలి. దానికి నేను ఉపవాసాలున్నాను. కన్నీళ్లు పెట్టాను.

ప్రభువు చేసే చమత్కారం! వాక్యానికి రానివాణ్ణి గోడకు రప్పిస్తున్నాడు.

నవంబర్ 30

యాదగిరి గోడ చూశాడు. వేళ్లతో తట్టి చూశాడు. కూలీ మీద చేస్తానన్నాడు, అడ్డా రేటు కంటే తక్కువకు. "రత్నమ్మ పాడే జాగ గదా అయ్యగారూ." డిస్టెంపర్ మాత్రం ఫలానా కంపెనీదే కావాలట. వేరేది వద్దట. సరే అన్నాను.

డిసెంబర్ 2, సోమవారం

గోకుడు మొదలు. ఇల్లంతా దుమ్ము. సుగుణ ముక్కుకు కొంగు చుట్టుకుని వంట చేస్తోంది. పాత రంగు కింద ఇంకో రంగు, దాని కింద నీలం. మా నాయన కాలం నాటి నీలం. కాసేపు చూస్తూ నిలబడ్డాను. గోకెయ్యమన్నాను.

డిసెంబర్ 4, బుధవారం

ఇది రాయకుండా పడుకోలేను.

సాయంత్రపు ప్రార్థనకు యాదగిరి వెళ్లిపోలేదు. గోడకు పూసే లప్పం అంటిన చేతులతోనే వెనక గోడ దగ్గర గొంతుక్కూర్చున్నాడు. రత్నమ్మ చూసింది. పాట మధ్యలో గొంతు పోయింది. చేతిలో కంజర వాయించడం మాత్రం ఆపలేదు. పోయేటప్పుడు, "మీరు మస్తు గట్టిగ చెప్తరు అయ్యగారూ, హోటల్ దాక ఇనబడుతది" అన్నాడు. అయితే ఇన్నాళ్లూ విన్నాడన్నమాట!

నాలుగో తరగతితో బడి మానినవాణ్ణి. ప్రెస్సులో తలకిందులుగా పేర్చే సీసపు అక్షరాలతో చదువు నేర్చుకున్నవాణ్ణి. అయినా నా నోట పడిన విత్తనం మొలిచింది. స్తోత్రం.

డిసెంబర్ 6, శుక్రవారం

ప్రెస్సు నుంచి తొందరగా వచ్చాను. యాదగిరి కొత్త డబ్బా మూత తీస్తున్నాడు. నన్ను చూడలేదు. రంగులోకి పుల్ల పెట్టి ఏదో పైకి లాగాడు — చిన్న ప్లాస్టిక్ బిళ్ల. నీళ్లలో కడిగాడు. చొక్కా జేబులో వేసుకున్నాడు. జేబులో గలగలమంది. అంటే అది ఒక్కటి కాదు.

అడగలేదు. ఎందుకు అడగలేదు?... తెలియదు.

డిసెంబర్ 7

కోఠి. డబ్బాలు కొన్న షాపు. సేటును అడిగాను.

"ఆ బిళ్లనా సార్? టోకెన్. అది పెయింటర్ది, మీది గాదు. తెచ్చిస్తె కంపెనీ తరఫున మేము పైసలిస్తం."

"ఆ పైసలు డబ్బా ధరలో లేవా?"

సేటు నవ్వాడు. "ధరల ఏముండదు సార్? నా షాపు కిరాయి గూడ ఉన్నది."

పక్క కంపెనీ డబ్బాలో టోకెన్ లేదు. ధర తక్కువ. చూశాను, చేత్తో పట్టుకుని చూశాను. ఫలానా కంపెనీదే కావాలని ఎందుకు పట్టుబట్టాడో ఇప్పుడు తెలిసింది. ఆ డబ్బు కానుకల పెట్టెలోది. పూలమ్మే సిస్టర్ వేసిన రూపాయి బిళ్లలు అందులో ఉన్నాయి.

రేపటి వాక్యం దొరికింది. ప్రవక్త వద్దన్న కానుక కోసం వెనకాల పరుగెత్తి, దొంగచాటుగా పుచ్చుకున్న సేవకుడు గేహజీ. వాడి ఒంటికి పట్టిన కుష్ఠు.

డిసెంబర్ 8, ఆదివారం

యాదగిరి వచ్చాడు. ఆదివారం కూడికకు, మొదటిసారి. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా. చేతుల రంగు ఎంత తోమినా పోనట్టుంది, వెనక్కి కట్టుకుని కూర్చున్నాడు. రత్నమ్మ కొత్త చీర.

చూశాను. చూసి కూడా చెప్పాను. వాక్యం ముఖం చూసి ఆగదు.

పేరు ఎత్తలేదు. గేహజీ అన్నాను. ఇంటి యజమాని ఎరగకుండా పుచ్చుకునేది ప్లాస్టిక్ బిళ్లయినా దొంగసొత్తే అన్నాను. ఈ హాల్లోనే, ఈ గోడల మధ్యనే గేహజీ ఉన్నాడన్నాను. తలలన్నీ వెనక్కి తిరిగాయి.

యాదగిరి లేచాడు. "టోకెన్ ముచ్చటనా అయ్యగారూ?" అన్నాడు, నెమ్మదిగా. చెప్పులేసుకున్నాడు. రత్నమ్మ కంజర చాప మీద పెట్టి వెనకాలే పోయింది. పాట లేకుండా ముగించాం.

సత్యం చెప్పాను. సత్యమే కదా చెప్పాను?

డిసెంబర్ 9

పనికి రాలేదు. రెండు గోడలు అయ్యాయి. ఉత్తరపు గోడ సగం లేత పసుపు, సగం లప్పం. బొల్లి పట్టిన ముఖంలా నన్నే చూస్తోంది.

డిసెంబర్ 11, బుధవారం

మళ్లీ అడ్డా. మిగిలిన పని చెప్పాను. రేటు నేనే పెంచాను. ఎవరూ డబ్బా మీంచి లేవలేదు. ఒక ముసలి పెయింటర్ బీడీ ఆర్పి, "ఎవరు పట్టిండ్రు ఆ గోడ?" అన్నాడు.

"యాదగిరి."

"ఒకడు పట్టిన గోడ ఇంకొకడు పట్టడు సార్. వాడొచ్చి సరే అన్నదంక ఈడ ఎవ్వడు రాడు."

వెనక నుంచి ఇంకొకడు — "మీరేనా టోకెన్ సార్?"

అందరూ నవ్వారు. రోడ్డు దాటి ప్రెస్సు మెట్లెక్కే దాకా ఆ నవ్వు వినిపించింది. నీతిమంతుడికి ఎగతాళి కొత్త కాదు. యిర్మీయా ప్రవక్తను బురదగుంటలోకి దించారు. నన్ను చౌరస్తాలో దించారు.

డిసెంబర్ 13

నాకు వంట చేసి పెట్టే మనిషి, సుగుణ, నాతో మాట్లాడటం మానేసింది. ఈ రోజు మాట్లాడింది. ఎందుకు మాట్లాడిందా అనిపించింది.

"మీ ప్రెస్సుకు కాగితం ఏసే షాపాయన దసరాకు మీకు గోడగడియారం ఇచ్చిండు. మీ ఓనరుకు చెప్పిన్రా?"

"అది బహుమానం."

"కాగితం ఆయన తాన్నే తెప్పిస్తున్రు గదా?"

"కాగితం మంచిది గనుక."

"యాదగిరి గూడ డిస్టెంపర్ మంచిదనే అన్నడు."

బహుమానం వేరు, లంచం వేరు. ఇచ్చేవాడి మనసును బట్టి... పుచ్చుకునేవాడి మనసును బట్టి... ఇక్కడ చాలా రాశాను. కొట్టేశాను. ఆమెకు వాక్యం నేర్పకుండా ఉండాల్సింది.

డిసెంబర్ 15, ఆదివారం

ఏడుగురు. అందులో మేమిద్దరం. రత్నమ్మ తోడికోడళ్లు రాలేదు, పూలమ్మే సిస్టర్ రాలేదు. ఎవరి రూపాయి కోసం గొంతు చించుకున్నానో ఆ మనిషే రాలేదు. పాట నేనే ఎత్తుకున్నాను. శ్రుతి కుదరలేదు. దానయ్య బ్రదర్ దగ్గాడు.

పదిరోజుల్లో క్రిస్మస్. గోడ పోతే పోనీ. మనుషులు పోతున్నారు.

డిసెంబర్ 17, మంగళవారం

లోయర్ ట్యాంక్ బండ్‌లో యాదగిరి ఇంటికి పోయాను. అతనితో అడ్డావాళ్లకు ఒక్క మాట చెప్పించుకుందామని. అంతకు మించి దేనికీ కాదు.

యాదగిరి కుర్చీ వేశాడు. చాయ్ తెప్పించాడు. ఇంటికొచ్చిన మనిషికి చేసేవన్నీ చేశాడు. అదే నన్ను ఎక్కువ మండించింది.

"టోకెన్ అందరు తీస్కుంటరు అయ్యగారూ. చెప్పకపోవుడు తప్పంటరా, తప్పే అనుకుందాం. మీరు తెలిసిననాడే అడిగుంటె జేబుల నుంచి తీసి మీ చేతుల పెట్టేటోణ్ణి. ఆదివారం దొంగ అన్నరు."

"నేను పేరు ఎత్తలేదు."

"పేరు ఎత్తితె బాగుండు. జవాబు జెప్పేటోణ్ణి."

రత్నమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతోంది. తల ఎత్తలేదు. "ఇన్నేండ్లు ఈయన కోసం ప్రార్థన జేసిన్రు. దేవుడు ఇన్నడు, ఈయన వచ్చిండు. మీరు ఎల్లగొట్టిన్రు."

యాదగిరి గేటు దాకా వచ్చాడు. "పండుగకు మీ హాలు పూర్తి జేస్త. కూలి గూడ వద్దు. అందరి ముందట అన్నది అందరి ముందట వాపస్ తీస్కోండి. గంతే."

గంతేనట!

డిసెంబర్ 18

సంఘం ముందు కాపరి తలవంచితే గొర్రెలు ఎవరిని చూసి నడుస్తాయి?

డిసెంబర్ 20

దావీదు తలవంచాడు. రాజు. ప్రవక్త వేలు చూపిస్తే వంచాడు. కానీ నాకు వేలు చూపించింది ప్రవక్త కాదు, పెయింటర్.

డిసెంబర్ 22, ఆదివారం

హాలు సగానికి పైగా నిండింది. సుగుణ ఇల్లిల్లూ తిరిగి పిలిచిందట. నాకు చెప్పలేదు. రత్నమ్మ వచ్చింది, తలుపు దగ్గర కూర్చుంది. యాదగిరి లోపలికి రాలేదు. కిటికీలోంచి కనిపిస్తున్నాడు... హోటల్ ముందు, సైకిల్‌కు ఆనుకుని. నేను గట్టిగా చెబితే అక్కడికి వినిపిస్తుంది. ఆ సంగతి అతనే చెప్పాడు.

చెబుదామనే నిలబడ్డాను. నిజం. ఈ పేజీకి అబద్ధం ఎందుకు చెబుతాను. నోరు తెరిస్తే క్షమాపణ గురించి వాక్యం వచ్చింది — శత్రువులను క్షమించడం గురించి, నిందించినవారిని క్షమించడం గురించి. నన్ను నిందించినవారిని. ఎటో పోయింది. నేనే వింటున్నాను, ఎటు పోతోందో. ఆపలేకపోయాను.

సుగుణ లేచి నిలబడింది.

స్త్రీలు సభలో మౌనంగా ఉండాలని ఈ హాల్లో బోధించినవాణ్ణి నేను. ఇరవై రెండేళ్ల కాపురంలో ఆమె అక్కడ ఒక్కసారి కూడా లేవలేదు.

"యాదగిరి దొంగ గాదు. ఆ రోజు అన్నది తప్పు. ఈ ఇంటి మనిషిని, ఈ ఇంటి తరఫున చెప్తున్న." కిటికీ వైపు తిరిగి అంది. కూర్చుంది.

"ఆమేన్" అన్నాడు దానయ్య బ్రదర్. ఇన్నేళ్ల నా ప్రసంగాలకు ఆ గొంతుతో ఆమేన్ రాలేదు.

రత్నమ్మ లేచి ముందుకు వచ్చి కంజర తీసుకుంది. ఎవరూ నా వైపు చూడలేదు. ముగింపు ప్రార్థన నేనే చేశాననుకుంటాను. ఏం చేశానో గుర్తు లేదు.

డిసెంబర్ 23, సోమవారం

తెల్లారేసరికి యాదగిరి నిచ్చెన వేసి ఉన్నాడు. "అక్కా, నీళ్లు... అక్కా, పాత గుడ్డ" — అంతా సుగుణతోనే. ఆమె నవ్వుతోంది కూడా. నేను ప్రెస్సుకు సెలవు పెట్టాను. ఎందుకో తెలియదు. హాలు మధ్యలో నిలబడ్డాను.

"అయ్యగారూ, జర జరగండి."

రోజంతా నాతో అన్న మాట అదొక్కటే. జరిగాను.

డిసెంబర్ 24, మంగళవారం

అయింది. మచ్చ లేదు. లేత పసుపు. తడి వాసన. కిటికీలన్నీ తెరిచి పెట్టాం. కూలీ తీసుకోనన్నాడు. సుగుణ కూలీతో పాటు కొత్త తువ్వాలు కూడా ఇచ్చింది, తీసుకున్నాడు. నేనిస్తే పుచ్చుకోలేదు, ఆమె ఇస్తే పుచ్చుకున్నాడు.

సాయంత్రం పిల్లలు రంగుకాగితాలు కడుతున్నారు. సుగుణ బియ్యప్పిండి జల్లిస్తూ, "రేపు వాళ్లిద్దరు లోపల్నే కూసుంటరట" అంది. జల్లెడ కింద పెట్టి, "ఏం చెప్తరో చూస్కోండి" అంది. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నాకు జవాబు తెలిసేది.

ఇప్పుడు బైబిలు ముందు పెట్టుకుని కూర్చున్నాను. రేపటికి ఒక్క భాగం కావాలి. ఎక్కడ తెరిచినా నేను ఎర్రసిరాతో గీత గీసుకున్న చోటే తెరుచుకుంటోంది. ప్రతి గీత కిందా గద్దింపే. ఇన్నేళ్లూ ఇవే గీసుకున్నానా... గీత లేని పేజీ కోసం తిప్పుతున్నాను.